వనజత్త స్టేజీ మీద చెప్పిన మాట

మొన్న బెంగళూరు చిక్కపేట మెట్రో స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో ఏదో పాత కన్నడ సినిమా చూస్తోంది. బొమ్మ నాకు కనపడలేదు గానీ గొంతు వినపడింది. కాస్త బొంగురు గొంతు, మాట చివరికి వచ్చేసరికి మెత్తబడే గొంతు. రైలు వచ్చి వెళ్ళిపోయింది. నేను లేవలేదు. ఆ గొంతు మా వనజత్తది.

నిజానికి మాకూ ఆమెకూ బంధుత్వం లేదు. తొంభైలలో చిక్కపేటలో మేమున్న ఇంటి ముంగిలికి అవతలి వాటాలో ఒంటరిగా ఉండేది. దొడ్డబళ్ళాపురంలో మగ్గం నేసే తెలుగువాళ్ళ ఇంట పుట్టి, నాటకాల కంపెనీతో ఊళ్ళు తిరిగి, చివరికి సినిమాల్లో తల్లి వేషాల దగ్గర స్థిరపడింది. పేరు చెబితే ఎవరికీ తెలియదు, మొహం చూస్తే అందరూ గుర్తుపడతారు. షూటింగ్ లేని రోజు ముంగిట్లో అనపకాయలు ఒలుస్తూ, ఎదుటి పాత్ర డైలాగులు నాచేత చదివించుకునేది. "గట్టిగా అరవద్దు అమ్మీ. మనిషితో మాట్లాడతాండావు, వీధితో కాదు" అనేది. పదిమందిలో నోరు విప్పని నాకు నా గొంతు నచ్చడం అక్కడే మొదలైంది.

ఆమె వేసిన వేషాలన్నింటిలో ఎక్కువ పేరు తెచ్చింది ఒక ప్రేమ సినిమా. హీరో ఒక కాలేజీ పిల్ల వెంటపడతాడు, బస్సుకు అడ్డం నిలబడతాడు, ఒప్పుకోకపోతే చస్తానంటాడు. పిల్ల ఏడుస్తూ తల్లికి చెప్పుకుంటుంది. తల్లి వేషంలో ఉన్న వనజత్త ఆ పిల్ల తల నిమిరి, "ఇంతగా కోరుకునేవాడు దొరకడం అదృష్టం తల్లీ, కాదనకు" అంటుంది. ఆ మాటకు థియేటర్లు ఊగిపోయాయి. మా వీధిలో తోపుడుబండ్లవాళ్ళు కూడా ఆమె కనపడితే అదే మాట అనేవారు. మొదట్లో ఆమె కూడా మురిసిపోయింది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా వీధిలోని ఒక బట్టల వ్యాపారి కొడుకు నా వెంటపడ్డాడు. బస్టాపులో, కాలేజీ గేటు దగ్గర, చివరికి మా ఇంటికి ఎదురుగా నిలబడేవాడు. కొన్నాళ్ళకు వాడి ఇంటివాళ్ళే సంబంధం అడగడానికి వచ్చారు. లైనింగ్ బట్ట అమ్ముకునే మా నాన్న ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. ఆయన తటపటాయిస్తుంటే మా పెద్దమ్మ నవ్వుతూ, "అంతగా కోరుకునేవాడు దొరికేది అదృష్టమని మన వనజమ్మే చెప్పలేదా?" అంది. అందరూ నవ్వారు. గుమ్మం దగ్గరే ఉన్న వనజత్త మాత్రం నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక నన్ను తన వాటాలోకి పిలిచింది. "నీకు ఇష్టమేనా అమ్మీ?"

"భయం అత్తా. వాడు వెనకాల వస్తాడని వేరే దోవన పోతాండాను."

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత, "ఎంత బాగా చెప్తినో ఆ మాట. అందరికీ అంతగా పట్టుకునేట్టు" అంది.

"అది సినిమా కదత్తా."

"చెప్పేటప్పుడు నేనూ అట్లే అనుకొంటి."

ఆ నెలలోనే మెజెస్టిక్‌లోని ఒక థియేటర్లో ఆ సినిమా వందరోజుల వేడుక జరిగింది. వనజత్త మా ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళింది. హీరో, నిర్మాత, దర్శకుడు అందరూ స్టేజీ మీద ఉన్నారు. ఆ డైలాగు ఒకసారి చెప్పమని వ్యాఖ్యాత ఆమెకు మైకు ఇచ్చాడు. ఈలలు ఆగేదాకా ఆమె నిలబడింది. తర్వాత కన్నడంలో నెమ్మదిగా మాట్లాడింది.

"ఆ మాట ఇక నేను చెప్పను. భయపడి వచ్చిన బిడ్డకు ఏ తల్లీ అట్లా చెప్పకూడదు. ఈ సినిమా అంతా వెదికినా ఆ పిల్ల భయం ఎవరికీ పట్టలేదు. నటించింది నేనే, కాబట్టి తప్పని నేనే చెప్పాలి."

కొందరు హాస్యమనుకుని నవ్వారు. వెనకనుంచి ఎవడో, "డబ్బు తీసుకున్నప్పుడు తెలీలేదా?" అని అరిచాడు. "తెలీలేదప్పా. ఇప్పుడు తెలిసింది" అంది. నిర్మాత మైకు లాక్కున్నాడు. ఆమె మెట్లు దిగి వచ్చి మా వరసలో కూర్చుంది. మా నాన్న ఏమీ అనకుండా నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు.

మర్నాడు ఆయన నా మనసులో మాట అడిగి తెలుసుకుని, ఆ వ్యాపారి ఇంటికి వెళ్ళి, "మా పాపకు భయంగా ఉండాదంట. ఈ సంబంధం మాకొద్దు" అని చెప్పి వచ్చాడు. నాకు తెలిసి ఆయన ఒకరి మొహాన కాదనడం అదే మొదలు. ఆ తర్వాత చాలా నెలలు కాలేజీ దాకా నాతో వచ్చాడు.

వనజత్తకు మాత్రం వేషాలు ఆగిపోయాయి. విశ్వాసం లేని మనిషని పత్రికల్లో రాశారు. ఒప్పుకున్న సినిమాల్లోంచి కూడా తీసేశారు. రెండువేల సంవత్సరం దాటాక టీవీ సీరియళ్ళు వచ్చి, చిన్న వేషాలు దొరికేదాకా కష్టంగానే గడిచింది. ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగాను, ఎందుకు చెప్పానా అని ఎప్పుడైనా అనిపించిందా అని.

"బాధ ఉండాదిలే. మేకప్ కుర్చీలో కూర్చోవాలని ప్రాణం పీకేది. వాళ్ళేమన్నా చెడ్డోళ్ళా? నాకు జ్వరమొస్తే ఆ డైరెక్టరు తన కారిచ్చి ఇంటికి పంపినాడు. నన్ను బాగా చూసుకున్నోళ్ళను నలుగురిలో అట్లనడమే కష్టమాయె." నా చెయ్యి తట్టి, "అయినా నువ్వు బాగుండావు కదా" అంది. ఆ తర్వాత రెండేళ్ళకు ఆమె పోయింది.

నేనిప్పుడు ఊరి శివార్లలోని జిగణిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో పనివాళ్ళ ఫిర్యాదులు వినే ఉద్యోగంలో ఉన్నాను. పెళ్ళికాని పిల్లలు చాలామంది అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఈమధ్య ఒకమ్మాయి తలుపు దగ్గరే నిలబడి, సూపర్‌వైజరు రోజూ తన వెనకాలే బస్టాపుదాకా వస్తున్నాడని చెప్పింది. చెప్పి, నా మొహంలోకి చూస్తూ, "మంచోడేలే, సర్దుకోమంటారా మేడం మీరు గూడా?" అని అడిగింది.

"అననమ్మా" అన్నాను. కుర్చీ చూపించి, తలుపు దగ్గరికి వేసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "మొదట్నుంచి చెప్పు."