తాళం తీసినా ఆగని ఇంజిన్

ఆ ఈల నాకు మూడు నెలలు వినిపించింది. అది నా భ్రమ అని మా బావ చుట్టాలందరికీ చెప్పుకొచ్చాడు.

బావంటే మా అక్క భర్త, టాటానగర్ రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరు. నేను కొన్నది పాత డీజిల్ కారు. నాలుగు సిలిండర్లు, పదమూడు వందల సీసీ, టర్బో ఇంజిన్. పొగగొట్టంలోకి పోయే వేడిగాలికి తిరుగుతూ, బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కే చిన్న చక్రమే టర్బో. నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. పలచటి ఆయిల్ పొర ఒక్కటే దాని ఇరుసును కాపాడుతుంది.

బండి వేగం అందుకుంటే సన్నగా ఈల. పొద్దున్నే నీలం పొగ. కింద ఒక్క చుక్క కారకుండానే ఆయిల్ తగ్గిపోయేది. సీతారాండేరాలో అక్కావాళ్ళింట్లో భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను.

"నీ చెవిలో ఈలేటి బామ్మర్దీ? మేం రైలింజన్లు ఇప్పి బిగిత్తన్నాం. నీది కుట్టుమిషను," అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మెకానిక్ దగ్గరకు వెళతానంటే అడ్డుపడ్డాడు. "షెడ్డు మనిషిని ఇంట్లో ఎట్టుకుని బయటోడికి సూపిత్తావా? నా పరువేటవ్వాల?"

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని ఎక్కించుకుని పక్కపేట భుయ్యాడీహ్ వెళ్ళాను. సందులో కారు ఆపి తాళం తిప్పాను. మీటర్ల ముళ్ళన్నీ సున్నా మీద పడ్డాయి. ఇంజిన్ మాత్రం ఆగలేదు. తాళం బయటికి లాగాను. నా కాలు పెడల్ మీద లేదు, అయినా ఎవరో తొక్కుతున్నట్టు రొద పెరుగుతూ పోయింది. తెల్లటి పొగలో ఎదుటి ఇళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

"చాబీ తియ్," అన్నాడు బావ.

"తీసేశాను బావా." అరచేతిలో చూపించాను.

ఆయన దాన్ని చూశాడు, తరవాత బానెట్ వైపు చూశాడు. "టర్బోలో సీలు పోయింది. ఇంజిను సొంత ఆయిలే తాగుతంది. డీజిల్ అక్కర్లేదు దానికి. పగిలిపోద్ది. టాప్ గేరెయ్. బ్రేకు నొక్కిపట్టి క్లచ్ ఒగ్గీ, జల్దీ."

అలాగే చేశాను. కారు ఒక్కసారి వణికి చచ్చింది.

ఆ నిశ్శబ్దంలో అడిగాను, "ఈల నీకు వినిపించిందా లేదా?"

తలుపు తీసుకుంటూ అన్నాడు. "మొదటి రోజే ఇనబడింది. కారు టర్బో ఇప్పడం నాకు రాదు."

మర్నాడు కద్మాలో మెకానిక్ టర్బో విప్పాడు. ఇరుసు అరిగిపోయి, ఆ చక్రం వేలు తగిలితే ఊగుతోంది. బావ గేటు బయటే నిలబడ్డాడు. నేను లోపలికి పిలవలేదు.