జులై ఒకటిన పుట్టినవాళ్ళం

మన దేశంలో పందెపు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒకటే. జనవరి ఒకటి. పిల్ల ఫిబ్రవరిలో పుట్టినా, మేలో పుట్టినా, పుస్తకాల్లో దాని వయసు జనవరి ఒకటినే పెరుగుతుంది. ఈ సంగతి నాకు తెలిసి ఎంతోకాలం కాలేదు. తెలియకపోయినా నా బతుక్కి వచ్చిన లోటేమీ లేదు. తెలిసిన దగ్గర్నుంచి మాత్రం అది నన్ను వదిలిపెట్టడం లేదు.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి మొన్న జూన్‌లో రిటైరయ్యాను. మా వైపు ఎక్కడ క్విజ్ పోటీ పెట్టినా ప్రశ్నలు రాసే చాకిరీ నాదే. సర్వీసులో ఆఖరి శీతాకాలం విజయనగరంలో క్రీడల క్విజ్ పెట్టారు. క్రికెట్టు ఒకాయన తీసుకున్నాడు, కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగు ఇంకొకాయన తీసుకున్నాడు. గుర్రప్పందేలు తెచ్చి నా నెత్తిన పడేశారు. ఈ రెండు జిల్లాల్లో రేసు గుర్రాన్ని దగ్గరగా చూసినవాడెవడైనా ఉంటే చూపించమన్నాను. అందరూ నవ్వి టీ తాగేసి వెళ్ళిపోయారు. నేను చూసిన గుర్రాలు రెండే రకాలు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మోతకి బెదిరేవి, విశాఖ బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని అటూ ఇటూ తిరిగేవి.

అయినా పరువు కోసం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ జాతి గుర్రాలన్నీ తండ్రుల వరసలో వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే మూడే మూడు గుర్రాల దగ్గర తేలతాయట. ఆ మూడూ తూర్పు దేశాల నుంచి ఇంగ్లండు చేరినవే. సూర్యగ్రహణం రోజున పుట్టిందని ఒకదానికి ఎక్లిప్స్ అని పేరు పెడితే, అది బతికినంతకాలం ఒక్క పందెం కూడా ఓడలేదట. మా ఇళ్ళల్లో గ్రహణం నాడు పుట్టిన పిల్లకి శాంతి చేయించేదాకా ఎవరూ ఊపిరి పీల్చుకోరు. ఇంగ్లండులో మొదట గుర్రాల పుట్టినరోజు మే ఒకటిగా ఉండేదట, తరవాత జనవరికి మార్చుకున్నారు. ఈ ఏర్పాటులో అన్యాయమైపోయేది డిసెంబరు ఆఖర్లో పుట్టిన పిల్ల. పుట్టిన నాలుగు రోజులకే కాగితం మీద దానికి ఏడాది నిండిపోతుంది. ఇక జీవితమంతా తనకన్నా ఏడాది పెద్దవాటితో పరిగెత్తాలి. అందుకని డిసెంబరులో గుర్రం ఈనకుండా యజమానులు ముందునుంచే జాగ్రత్త పడతారట.

ఆ డిసెంబరు పిల్ల దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అలాంటిది మా ఇంట్లోనే ఒకటి ఉంది. మా చెల్లి.

అది బొబ్బిలి వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ ఆయాగా చేసేది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి గుంటల్ని పోగుచేసి తెచ్చి, మూతులు కడిగి, గుడ్డు పొట్టు తీసి నోట్లో పెట్టి, మధ్యాహ్నం పడుకోబెట్టడం దాని పని. నాకూ దానికీ నాలుగేళ్ళు తేడా. కాగితాల మీద మాత్రం మేమిద్దరం ఒకే ఏడు, ఒకే రోజున పుట్టాం. జులై ఒకటి. ఈ ముక్క మా అమ్మ చెవిన పడితే చీపురు తిరగేసేది.

దీనికంతటికీ కారణం నేను. ఏడేళ్ళొచ్చినా బడికి పోకుండా మొండికేసిన వెధవని. మా అమ్మానాన్నా పొలంలో ఉంటే చెల్లిని చంకనేసుకుని తిరిగేది నేనే కాబట్టి, అది లేకుండా వెళ్ళనని గుమ్మం పట్టుకుని వేలాడేవాణ్ణి. అమ్మ విసిగిపోయి ఇద్దర్నీ కలిపి పంపేసింది. పిల్లల వయసు తేల్చడానికి మా మేష్టారికి ఒక పద్ధతి ఉండేది. కుడిచెయ్యి నెత్తిమీదుగా వేసి ఎడమచెవి అందుకోవాలి. అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే ఇంటికి. నాకు ఇట్టే అందింది. చెల్లికి మూడేళ్ళు, చెవి దాకా ఎక్కడ అందుతుంది? దాన్ని వెనక్కి పంపేస్తారని భయంవేసి, నేను దాని వెనక చేరి మోచెయ్యి పట్టుకుని గట్టిగా తోశాను. వేలికొస చెవికి తగిలింది. అది కెవ్వుమంది. బళ్ళో ఆడపిల్లలు తక్కువున్నారని మేష్టారు ఆ ఏడు ఇన్‌స్పెక్టరు చేత చివాట్లు తిని ఉన్నారట, చూసీ చూడనట్టు ఊరుకున్నారు. రిజిస్టర్లో ఇద్దరికీ అయిదేళ్ళే వేసి, పక్కన జులై ఒకటి అని రాసేశారు. మా తరగతిలో చాలామంది జులై ఒకటినే పుట్టారు. అదేమిటని అడిగిన తల్లిదండ్రులు ఒక్కరూ లేరు.

అలా నాకు రెండేళ్ళు తగ్గాయి, చెల్లికి రెండేళ్ళు పెరిగాయి. నా నెత్తి మీంచి దిగినవే దాని నెత్తికెక్కాయి. నేను చదువుకుని మాస్టారునై ఆ రెండేళ్ళూ అదనంగా ఉద్యోగం చేశాను. అది ఏడో తరగతితో ఆగిపోయి, ఆ ఏడో తరగతి కాగితంతోనే ఆయా అయింది.

ఏప్రిల్లో ఒకరోజు ఫోన్ చేసింది. "అన్నియ్యా, ఏటో కాయితం ఒచ్చినాది. జూన్ ఆకర్న దిగిపోమంతన్నారు. అరవై రెండు నిండిపోతన్నాయంట. నాకింకా రెండేళ్ళున్నాయి గదా? సదూకున్నోడివి, నువ్వే సూడు."

దానికి ఆ కేంద్రం తప్ప మరో లోకం లేదు. మా బావ పోయాక ఇల్లు బావురుమంటుంటే, ఆ గుంటల అరుపులే దాన్ని నిలబెట్టాయి. అందులో ఒక పిల్ల ఇంకెవరు పెట్టినా ముద్ద మింగదని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. ఇంకో రెండేళ్ళు ఉంటే ఆ పిల్ల బళ్ళో చేరేదాకా చూసుకోవచ్చని దాని ఆశ.

దాన్ని వెంటబెట్టుకుని అంగన్‌వాడీల ఆఫీసుకి వెళ్ళాను. మొదటిసారి వెళితే ఆఫీసరు మీటింగులో ఉన్నాడన్నారు. రెండోసారి పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇంట్లో పుట్టి, ఏ రిజిస్టర్లోకీ ఎక్కని మనిషికి సర్టిఫికెట్ ఎక్కణ్ణించి తెచ్చేది? డాక్టరు చేత వయసు తేల్పిస్తారా అంటే, ఈ ఈడులో ఎముకలు చూసి ఏళ్ళు చెప్పలేరన్నారు. మూడోసారి ఆఫీసరు దొరికాడు. చెల్లి రెండు చేతులూ జోడించి నిలబడింది.

"నన్ను సూడండి బాబూ. మా అన్నియ్యని సూడండి. మేవిద్దరం ఒక్క ఈడోలమేటి?"

ఆయన కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. "రికార్డులో ఉన్నదే వయసమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మామూలుగా అయితే ఏమనేవాణ్ణో గానీ, తల నిండా గుర్రాలే ఉన్నాయి కాబట్టి గుర్రమే నోట్లోంచి ఊడిపడింది. "సార్, ఇంగ్లండులో మూడేళ్ళ గుర్రాలకే పెట్టే పెద్ద పందెం ఒకటుంది. నూట ఎనభై ఏళ్ళ కిందట దాంట్లో నాలుగేళ్ళ గుర్రాన్ని మూడేళ్ళదని కాగితాలు చూపించి పరిగెత్తించారు. అది గెలిచింది. తగువు కోర్టుకెక్కింది. అప్పుడు జడ్జి ఏమన్నాడో తెలుసా? గుర్రాన్ని తీసుకురండి అన్నాడు. నోరు తెరిచి పళ్ళు చూస్తే వయసు తేలిపోతుంది కదా అని. గుర్రానికి దక్కిన పాటి మర్యాద కూడా మనిషికి లేదా?"

ఆఫీసరు అప్పుడు తల ఎత్తాడు. ముఖం విప్పారింది. "భలే ఉంది మాస్టారూ! మా పాప క్విజ్‌లకి వెళ్తాది. ఆ గుర్రం పేరేటి?"

నేను పళ్ళు కొరుక్కుంటుంటే చెల్లి మధ్యలో దూరింది. "పళ్ళు సూస్తారేటి బాబూ? మా అయ్య సంతలో ఎడ్లకి అలాగే సూసీవోడు. నాకు ముందర నాలుగు ఊడిపోనాయి మరి." ఆఫీసు మొత్తం నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"తరవాతేమైంది? తెచ్చారా గుర్రాన్ని?" అని అడిగాడు ఆఫీసరు.

"లేదు. ఎక్కడో దాచేశారు. దొరకలేదు. దాచినవాళ్ళే కేసు ఓడిపోయారు" అన్నాను.

కథ నచ్చిందేమో, మనిషి కొంచెం మెత్తబడ్డాడు. కుర్చీ ముందుకు లాక్కుని చెప్పాడు. "ఒక్క దారి ఉంది మాస్టారూ. కవలలు కానివాళ్ళకి ఒకే తేదీ ఉందంటే రిజిస్టరు తప్పని ఎవరికైనా అర్థమవుతాది. మీరు తోడబుట్టినోరు, పైగా గవర్నమెంటు టీచరు. మీ అసలు వయసెంత, ఆమెదెంత, అప్పుడు ఎలాగ రాయించారు, అంతా స్టాంపు కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. నాను పైకి పంపుతాను. కాకపోతే మీ సర్వీసు పుస్తకం కూడా తెప్పించుకుని సూస్తారు. మరి ఆలోచించుకోండి."

"రేపే తెస్తాను" అన్నాను. మెట్లు దిగుతుంటే చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వున్నావు, నాకేటి బయం" అంది.

స్టాంపు కాగితం ఆ సాయంత్రమే కొన్నాను. బీరువాలో పెట్టాను. అప్పటికి నా పెన్షన్ కాగితాలు ఒక్కో టేబులూ దాటుతున్నాయి. అసలు వయసు రాసిస్తే నేను రెండేళ్ళ కిందటే ఇంటికి పోవాల్సినవాణ్ణని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. రేపు రాద్దామనుకున్నాను. పదో తరగతి పేపర్లు దిద్దే పని ఉందనుకున్నాను. ఎండలు తగ్గనీ అనుకున్నాను. ఆఫీసరుని తిట్టుకున్నాను, చచ్చి ఏ లోకానున్నారో తెలియని మేష్టార్నీ తిట్టుకున్నాను, ఈ దేశంలో కాగితానికున్న విలువ మనిషికి లేదని స్టాఫ్‌రూములో బల్లగుద్ది ఉపన్యాసాలిచ్చాను. అందరూ నిజమేనన్నారు. ఆ కాగితం నా బీరువాలోనే ఉందని వాళ్ళకి తెలియదు. ఆ ఇంగ్లండు వాళ్ళు గుర్రాన్ని ఎక్కడ దాచారో నాకు తెలియదు గానీ, ఎందుకు దాచారో బాగా తెలిసింది.

మే నెలలో చెల్లి ఒక్కసారి అడిగింది. "కాయితం ఇచ్చీసినావా అన్నియ్యా?"

"ఇచ్చేశాను. పైకి వెళ్ళింది" అన్నాను. మళ్ళీ అది ఆ ఊసెత్తలేదు.

జూన్ ముప్ఫైన ఇద్దరం ఒకేసారి దిగిపోయాం. నాకు స్కూల్లో శాలువా కప్పి, దండ వేసి, క్రమశిక్షణ గురించి ఒకరూ నిజాయితీ గురించి ఒకరూ మాట్లాడారు. ఆ రెండోది వింటున్నంతసేపూ దండ మెడకి గుచ్చుకుంది. చెల్లి మధ్యాహ్నం గుంటలకి అన్నాలు పెట్టి, గిన్నెలు తోమేసి, తాళాలు అప్పగించి, బస్సెక్కి సాయంత్రానికి మా ఇంటికొచ్చింది. నా శాలువా విప్పి చూసి బాగుందంది. ఆ పిల్ల ఇవాళ తిందా అని అడిగాను. రేపట్నుంచి ఎవరు పెడతారో ఏమోనంది.

ఇక నావల్ల కాలేదు. "నేను ఆ కాగితం ఇవ్వలేదే" అన్నాను.

"తెలుసు" అంది, శాలువా మడత పెడుతూ. "మే నెల్లోనే నానెళ్ళి అడిగినాను. మీ అన్న మళ్ళీ రానేదమ్మా అని సారు సెప్పినారు."

"మరి నన్నెందుకు నిలదీయలేదు?"

"నిలదీస్తే ఇచ్చీసీవోడివి. ఇచ్చీసి, ఏటవుతాదో ఏటోనని మంచం పట్టీసీవోడివి. పోన్లే. ఇద్దరిదీ పోకుండా నీ రెండేళ్ళైనా నిలిసినాయి."

తిట్టినా బాగుండేది. నేను తల వంచుకుని కూర్చున్నాను. అది నన్ను నవ్వించాలనుకుందో ఏమో, కుడిచెయ్యి ఎత్తి నెత్తిమీద వేసుకుంది. ఎడమచెవి కోసం వేళ్ళు చాపింది. ఇన్నేళ్ళు గుంటల్ని ఎత్తి ఎత్తి భుజం పట్టేసింది దానికి. చెయ్యి నడినెత్తి మీదే ఆగిపోయింది.

"సూడు, ఇప్పుడసలు అందనేదు. ఇయ్యాల గాని ఆ మేష్టారుంటే నన్ను బళ్ళో సేర్సుకోనే సేర్సుకోరు" అని నవ్వింది. నవ్వుతూనే ఇంకో రెండుసార్లు ప్రయత్నించింది. నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని.