బోర్డు మీద గీసిన కళ్ళు

నా గురించి నాకున్న గొప్ప అభిప్రాయంలో సగం తలకు వేసుకునే రంగు వల్ల వచ్చింది, మిగతా సగం జీవశాస్త్రం వల్ల. పదిహేను రోజులకోసారి, ఆదివారం పొద్దున పాత బనీను తొడుక్కుని, భద్రాచలంలో మా కిరాయి ఇంటి అద్దం ముందు బ్రష్షు పట్టుకుంటాను. సోమవారం గోదావరి వంతెన దాటి, బూర్గంపాడు దాటి, అడవి మొదలయ్యే చోట ఉన్న మా హైస్కూలుకు నల్లటి జుట్టుతో చేరుకుంటాను. చెవుల వెనక అంటిన రంగు మంగళవారం దాకా పోదు. పిల్లలు చూస్తారు, ఏమీ అనరు. వాళ్ళ మర్యాదను నేను చాలా ఏళ్ళు నా పర్సనాలిటీ అనుకున్నాను.

ఆ ఏడు పదో తరగతికి అనువంశికత పాఠం మొదలుపెట్టాను. ఆ పాఠం నిండా బఠానీ మొక్కలే. పొడుగు మొక్క, పొట్టి మొక్క, నున్నటి గింజ, ముడతల గింజ. మా పిల్లలకు బఠానీ అంటే బస్టాండులో పొట్లం కట్టి అమ్మేది. దాని తల్లిదండ్రులు ఎవరైతే వాళ్ళకేం? అందుకని బఠానీలు పక్కన పెట్టి, మనుషుల కళ్ళ మీదికి వచ్చాను. ఆ పని చేయమని నన్నెవరూ అడగలేదు. నా తెలివి ఊరుకోలేదు, అంతే.

మొదటి రోజు బాగానే చెప్పాను, నిజం చెప్పుకోవాలి కదా. కంటికీ జుట్టుకూ చర్మానికీ రంగిచ్చేది మెలనిన్ అనే ఒకే పదార్థమని చెప్పాను. అది ఎక్కువుంటే కళ్ళు నలుపు, తగ్గితే తేనెరంగు, ఇంకా తగ్గితే నీలం. నీలం కళ్ళలో నీలం రంగంటూ ఏమీ ఉండదని, ఆకాశం నీలంగా కనబడినట్టే అదీ వెలుగు చేసే గారడీ అని చెబితే నోళ్ళు తెరిచారు. ఎండ మండే దేశాల్లో నలుపు కాపాడుతుంది కాబట్టి నిలిచింది. ఎండ తక్కువైన ఉత్తరాది దేశాల్లో ఆ అవసరం తగ్గింది, వేల ఏళ్ళలో లేతరంగులు పెరిగాయి. ఎందుకు అంతగా పెరిగాయో శాస్త్రవేత్తలకే పూర్తిగా తెలియదు అన్నాను. 'తెలియదు' అనే మాట నేను క్లాసులో వాడింది ఆ ఒక్కసారే. అదీ వేరేవాళ్ళకు తెలియదని.

రెండో బెంచీ పిల్ల లేచింది. ప్రశ్నలు అడగడంలో ఆ పిల్ల తర్వాతే ఎవరైనా.

"సార్, ఎండల పనిజేస్తే చర్మం నల్లవడ్తది గదా. మరి ఎంటికలు ఎర్రగెందుకైతయ్?"

మంచి ప్రశ్న. చర్మం బతికున్నది, ఎండ తగిలితే ఇంకొంచెం రంగు తయారుచేసుకుంటుంది. బయటికొచ్చిన వెంట్రుక చచ్చినది, ఎండ దాని రంగును తినేస్తుంది అని చెప్పాను.

"మరి మీయి ఎర్రగ గాలే గద సార్?"

బెల్లు కొట్టడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. అయినా పాఠం అయిపోయిందన్నాను.

మర్నాడు ఆ పరువు తిరిగి సంపాదించుకుందామని రంగుల చాక్‌పీసులతో వెళ్ళాను. బోర్డు మీద తల్లి కళ్ళు, తండ్రి కళ్ళు, కింద నాలుగు గళ్ళు గీశాను. నల్లకళ్ళకు పెద్దక్షరం, లేతరంగు పిల్లికళ్ళకు చిన్నక్షరం, పెద్దక్షరం ఒక్కటున్నా బిడ్డవి నల్లకళ్ళే. బఠానీల లెక్కను మక్కీకి మక్కీ మనుషులకు తగిలించాను. నేను చదువుకునే రోజుల్లో మాకూ ఇలాగే చెప్పారు, నేనూ ఇరవై ఆరేళ్ళుగా ఇలాగే చెబుతున్నాను. చివర్లో అండర్‌లైన్ చేసి మరీ రాశాను: తల్లివీ తండ్రివీ పిల్లికళ్ళైతే బిడ్డకు నల్లకళ్ళు రావు.

ఆ పిల్ల మళ్ళీ లేచింది. మొహం వెలిగిపోతోంది, నాకేదో అపురూపమైన వస్తువు తెచ్చి ఇస్తున్నట్టు.

"సార్, మా అమ్మయి పిల్లికండ్లే, మా నాయినయి పిల్లికండ్లే. నాయి నల్లగున్నయ్!"

తెలివైన మాస్టారైతే అక్కడ ఆగేవాడు. నేను బోర్డు వైపు చూశాను, ఆ పిల్ల వైపు చూశాను, బోర్డునే నమ్మాను.

"లెక్క ప్రకారం కుదరదమ్మా. ఇంటికెళ్ళి మళ్ళీ ఒకసారి సరిగ్గా అడిగి తెలుసుకో" అన్నాను.

క్లాసంతా నవ్వింది. నా చమత్కారానికి నవ్వారనుకుని నేను కూడా నవ్వాను. ఆ పిల్ల కూర్చుంది. ఏమన్నానో నాకు తట్టలేదు. ఆ సాయంత్రం వంతెన మీద స్కూటర్ నడుపుతూ, పాఠం రక్తి కట్టిందని ఈల కూడా వేశాను.

నాలుగో రోజు వాళ్ళమ్మ స్కూలుకు వచ్చింది. మిరపకోతలు జోరుమీదున్న రోజులు. ఒక పూట కూలి వదులుకుని వచ్చిందన్నమాట. వేళ్ళకు ఇంకా ఎరుపుంది. కళ్ళు తేనెరంగు.

"సార్, నా బిడ్డ అద్దం ఇడుస్తలేదు. మూడు దినాల సంది వాళ్ళ నాయిన పక్కన కూసోని తింటలేదు. బండెక్కమంటే ఆటోల పోతనంటది. మీరేమో కుదరదన్నరట. ఏంది సార్ కుదరంది?"

నేను అక్షరాలు, గళ్ళు అంటూ ఏదో నమిలాను. ఆమె పూర్తిగా విన్నది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"మాది మేనరికం సార్. మా ఆయనకు అమ్మమ్మ, నాకు నాయినమ్మ, ఒక్కతే ముసల్ది. ఆమె కండ్లే మా ఇద్దరికి వచ్చినయ్. బిడ్డవి నల్లగైనయ్. నాకు సదువు లేదు. గానీ బిడ్డ ఎవలదో నాకు ఎరికే గద."

ఆమె వెళ్ళాక స్టాఫ్‌రూములో ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ళలో తీరిక దొరకలేదు మరి. కంటిరంగును నిర్ణయించేది ఒక్క జన్యువు కాదట, చాలా ఉన్నాయట. లేతకళ్ళ దంపతులకు ముదురుకళ్ళ బిడ్డ పుట్టవచ్చట. అరుదు కావచ్చు గాని అసాధ్యం కాదు. ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది, నాకే కబురు అందలేదు. నేను తప్పు చెప్పిన పాఠం ఒక ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్యకు వెళ్ళి కూర్చుంది.

అయినా క్లాసులో ఒప్పుకోవడానికి నోరు రాలేదు. రెండు రోజులు రివిజన్ పేరుతో మొక్కల వేర్లు చెప్పాను. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. నలభై మంది ముందు కంటే ముగ్గురి ముందు చిన్నబోవడం తేలిక కదా. తలకు రంగు వేసుకునే వెళ్ళాను, తప్పు ఒప్పుకునేటప్పుడైనా వయసు కనబడకూడదని.

వాకిట్లో పట్టా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తండ్రి కాయలు తిరగేస్తున్నాడు. కూతురు గడప మీద, దూరంగా. కుర్చీ వేశారు, నీళ్ళిచ్చారు. నాది తప్పని, జన్యువులు చాలా ఉంటాయని, ఒక్కటే అనుకుని చెప్పానని అన్నాను. ఆయన చేతిలో కాయలు కింద వదిలాడు.

"సార్, గీ ముచ్చట మాకు కొత్తది గాదు. బిడ్డ తొట్లెల ఉన్నప్పుడే నలుగురు అడిగిండ్రు, కండ్లు ఎవలయి అని. నా బిడ్డ, నాకు తెల్సు, ఇంకోపారి అడిగితే మంచిగుండదు అని చెప్పిన. పదిహేనేండ్ల సంది ఎవ్వలు అడగలే. మళ్ళ మీరే అడిగిండ్రు."

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. కూతురు ఆ మాట వినడం అదే మొదటిసారి అనుకుంటాను. గడప మీంచి లేచి వచ్చి, తండ్రి పక్కన కూర్చుని, పట్టా మీద రంగు పోయిన తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది. పని అయిపోయిందన్న ధైర్యంతో నేను లేచాను.

"సార్" అంది ఆ పిల్ల, తలెత్తకుండానే. "గీడ మాకు తెలుసు. వాళ్ళకు తెల్వది. క్లాసుల చెప్పుండ్రి."

సోమవారం బోర్డు మీద అవే కళ్ళు గీసి, పాత వాక్యం రాసి, దాని కింద 'ఇది తప్పు. నేను తప్పు చెప్పాను' అని రాశాను. ఎందుకు తప్పో చెప్పాను. ఆ రోజు ఎవరిని చూసి నవ్వారో, ఆ పిల్ల చెప్పిందే సరైన మాట అని కూడా చెప్పాను. బోర్డు మీద ఏది కనబడినా రాసుకోవడం అలవాటు చేసింది నేనే కాబట్టి, అందరూ తల వంచి నా తప్పును చక్కగా నోట్సులో ఎక్కించుకున్నారు.

"సార్, గిది పరీక్షల వస్తదా?" వెనక నుంచి ఎవరో అడిగారు.

ఆ పిల్ల రాసుకోలేదు. నోట్సులో పాత పేజీ తీసి, నేను గీయించిన నాలుగు గళ్ళ మీద స్కేలు పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టింది. మళ్ళీ కొట్టింది. కాగితం చిరిగేదాకా కొట్టింది. నేను అటు చూస్తున్నానని తెలుసు, అయినా ఆపలేదు. నా పాఠాన్ని ఒకరు కొట్టేస్తుంటే చూసి ఊరుకోవడం నా సర్వీసులో అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంకా గట్టిగా కొట్టు బిడ్డా అనుకున్నాను.