గుర్రం నంబరు, వాక్యం నంబరు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నా తెలివితక్కువతనం దాచకుండా చెప్పుకోవడానికే మీ ముందు నిలబడ్డాను. కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారం నాది. చేప సరిగా ఎండిందో లేదో చేత్తో పట్టి చెప్పగలను గనుక, ఎన్నడూ చూడని గుర్రాలను కూడా ఫోన్‌లోనే తూచేయగలననుకున్నాను. నేను ఏనాడూ గుర్రం ఎక్కలేదు గానీ, కొన్నేళ్లపాటు గుర్రమే నా మీద ఎక్కి తిరిగింది.

విజయనగరంలో కూర్చుని ఫోన్ మీద పందేలు రాసుకునే మా దూరపు బావ సూరిబాబు నాకు ఆ విద్య నేర్పాడు. వెనకటి పరుగులు చూడమన్నాడు, వీపు మీద పెట్టిన బరువు చూడమన్నాడు, పందెం దూరం, జాకీ పనితనం చూడమన్నాడు. పరుగులు చూస్తే ఒక గుర్రం, బరువు చూస్తే ఇంకొకటి, జాకీని చూస్తే వేరొకటి గెలిచేలా కనబడేది. ఏ లెక్కను ఎంత నమ్మాలో తేలక, విశ్వాసిని కదా, మోకాళ్లూని ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనం నంబరు ఏ గుర్రానిదైతే దాని మీద కాసేవాణ్ని. మొదటిసారి అది గెలిచింది. అదే నా కొంప ముంచింది.

నా భార్య మార్తమ్మకు కళ్లలో నీటికాసులు. నాకేమో వట్టి కాసుల జబ్బు. ఆపరేషన్ ఆలస్యమైతే చూపు పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆపరేషన్ కోసం దాచినదంతా గుర్రాలకు మేపి, వచ్చే వారం వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం అని ఆమెను తిప్పాను.

ఒక మధ్యాహ్నం నేను బైబిలు మీద వేలు పెట్టి ఉండగా, ఆమె గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“ఏటి మావా, ఏ వాక్యం వచ్చినాది? నాకు అచ్చరాలు కనబడ్డం నేదు.”

“తొమ్మిది.”

“నంబరు కాదు మావా, వాక్యం సదువు.”

ఇన్నాళ్లూ నేను ఒక్క వచనమైనా చదవలేదని అప్పుడు తెలిసింది సహోదరులారా. చదివాను. అది ఎవరు ఎవరిని కన్నారో చెప్పే వంశావళి, అన్నీ పేర్లే. ఆ పేర్లనే ఆమె తల వంచుకుని విని, “ఇంకా సదువు, ఇని శాన్నాళ్లయినాది” అంది. “తండ్రీ, ముందు ఈ గుడ్డివాణ్ని బాగుచెయ్యి” అని ఏడ్చాను.

ఆ పూటతో పందేల ఆశ నన్ను విడిచిపోయింది, దేవునికే మహిమ. చేపలు తోలే బండి అమ్మి ఆపరేషన్ చేయించాను. ఒక కంట్లో చూపు నిలిచింది, రెండోది ఆరిపోయింది. ప్రభువు క్షమించాడు, ఆమె కూడా క్షమించానంది, అయినా నన్ను చూడడానికి ఆమె తల ఎంత తిప్పాల్సివస్తోందో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాలాంటివారు మీలో ఉంటే ఈ రోజే ప్రభువు దగ్గరికి రండి. ఆయన మన కోసం కనిపెట్టుకుని ఉంటాడు గానీ, కన్ను ఉండదు.

సూరిబాబు మీద మాత్రం చిన్న కసి తీర్చుకున్నాను, అదీ చెప్పేస్తాను. అతని నంబరు మన స్త్రీల కూటానికి ఇచ్చాను. సరిగ్గా పందేల వేళకు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి అతని కోసం ప్రార్థన చేస్తున్నారు. మొన్న నాకు ఫోన్ చేశాడు.

“ఒరే బావా, ఆపమనరా ఆళ్లని. లైను కాళీ నేదు, ఒక్క పందెం రాసుకోనేకపోతన్నాను.”

“కట్ సేసీ బావా.”

“ఎలా సేస్తానురా, నా పేరెట్టి ఏడస్తంటే?”