అయ్యగారి సోమవారం

పాస్టరు ప్రకాశం అయ్యగారు సోమవారం సోమవారం యానాం బస్సెక్కేది అక్కడ చవగ్గా దొరికే మందు కోసమేనని కట్టకింద పేటంతా చెప్పుకున్నారు. ఆ మాటలో నిజమైనది బస్సు ఒక్కటే. మిగతాదంతా ఆటో బుల్లిరాజు నోట్లో పుట్టి, కుళాయి దగ్గర పెరిగి పెద్దదై, ఆదివారానికల్లా గుడిలోకి నడిచొచ్చింది.

బుల్లెమ్మ ఆ పేటకి పెద్దదిక్కు. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో వాసన పట్టి చెప్పగలదు. వాసనకి అందనిది తిన్నగా వెళ్ళి అడిగేస్తుంది. అందుకే ముందు బుల్లిరాజుని పట్టుకుంది.

"నువ్వు చూశావంట్రా?"

"చూశాను మామ్మా. మన ఊరి కోటిపల్లి బస్టాండులో దిగారు. కళ్ళు చింతనిప్పులు, మొహం పొంగిన పూరీ. మెట్టు దిగుతూ తూలారు కూడాను. యానాం నుంచి అలా ఎవరొస్తారో మనకి తెలీదేంటి?"

"వాసనొచ్చిందా?"

"నేను ఆటోలో ఉన్నాను కదా మామ్మా!"

"అయితే నువ్వు చూసింది మొహమే. సీసా కాదు. నోరు అదుపులో పెట్టుకో."

వాడి నోరు మూయించింది గానీ ఆమె మనసు ఊరుకోలేదు. అయ్యగారు తాగుతారని ఆమె నమ్మలేదు. మరి అంత దూరం పోయి ఏం చేస్తున్నట్టు? అది తెలియకుండా నలుగురితో వాదించడం ఎలా?

రాజమండ్రిలో రైలుకట్ట దిగువన ఇరుకు సందుల్లో ఉంటుంది ఆ పేట. మధ్యలో రేకుల గుడి, అదే వాళ్ళ చర్చి. ప్రకాశం అయ్యగారు వచ్చిన కొత్తలో అక్కడ జరిగే ప్రతి పనికీ ఆయనే ఉండాలి. తాగి పోలీసుస్టేషన్లో పడ్డవాణ్ణి విడిపించాలన్నా ఆయనే, పెద్దాసుపత్రిలో మంచం ఇప్పించాలన్నా ఆయనే. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే ఆయన, పిల్లకి జ్వరమొస్తే ఆయన, పొద్దుపోయాక ఇంటింటి ప్రార్థనలకీ ఆయనే. పిలిస్తే రానన్నది లేదు. వాళ్ళూ పిలవడం మానింది లేదు. అన్నం కలుపుకున్న చేత్తోనే లేచిపోయేవారని ఆయన భార్య హెలెనమ్మగారు చెబుతారు.

చివరికి ఆ పేట పిల్ల లావణ్య పెళ్ళిలో ఆయన అలసట బయటపడింది. ఆ పొద్దున్న ఆయన రెండు సమాధి ప్రార్థనలు చేసి వచ్చారు. ఉంగరాలు మార్చే వేళ కళ్ళు మూసుకుని, చేయెత్తి, గంభీరంగా "ఈ దేహమును మంటికి అప్పగించుచున్నాము" అన్నారు. పెళ్ళికొడుకు బిగుసుకుపోయాడు. లావణ్య నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ళ నాయనమ్మ మాత్రం "ఓరి దేవుడో, నా మనవరాలిని పూడ్చేస్తున్నాడర్రా!" అని గొల్లుమంది. అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న బుల్లెమ్మకి ఆయన చేతిలోని పుస్తకం వణకడం కనిపించి నవ్వు రాలేదు.

ఆ తర్వాతే అయ్యగారు మారారు. సందుకొకరిని ఎంచారు. రోగి మంచం దగ్గర ఎలా కూర్చోవాలో, ఏమి అడగాలో, ఏమి అడగకూడదో, ప్రార్థన ఎక్కడ ఆపాలో వాళ్ళని వెంట తిప్పుకుని నేర్పారు. ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆ సందు మనిషి వెళ్ళాలి. వాళ్ళ వల్ల కానప్పుడే తను. ఇక సోమవారం తను ఊళ్ళో ఉండనన్నారు. ఫోను కట్టేసి హెలెనమ్మగారి చేతిలో పెట్టి బస్సెక్కేవారు. ఎందుకో చెప్పలేదు. పదిమంది చేతుల్లో పని పెట్టి తను పక్కకి జరగడం ఎంత పెద్ద పనో ఆ రోజుల్లో పేటలో ఎవరికీ తెలియలేదు.

బుల్లెమ్మ హెలెనమ్మగారి దగ్గర పక్కనుంచి నరుక్కొచ్చింది.

"యానాంలో చేపలు బాగుంటాయంటగా అమ్మగారూ?"

"బాగుంటాయంటండి బుల్లెమ్మగారూ."

"మన అయ్యగారికి చేపలంటే ప్రాణం కాబోలు?"

"టీ తాగుతారా?"

టీ వచ్చింది గానీ జవాబు రాలేదు.

ఈలోగా సంఘపెద్ద హరిబాబు తల్లికి ఒక సోమవారం ఆయాసం ముంచుకొచ్చింది. అయ్యగారి ఫోను పలకలేదు. ఆ సందు బాధ్యత చూసే సాయిదుర్గ పరుగెత్తుకొచ్చింది. ముసలమ్మ తేరుకుంది గానీ హరిబాబు మంట చల్లారలేదు. దానికి బుల్లిరాజు మాట తోడైంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ లేవనివ్వకుండా నిలబడ్డాడు.

"అయ్యగారు సోమవారాలు మానుకోవాలండి. లేదా మేము వేరే అయ్యగారిని చూసుకుంటాం. మా అమ్మ ప్రాణం మీదికొస్తే ఇంట్లో అంట్లు తోముకునే మనిషిని పంపిస్తారా?"

సాయిదుర్గ తల దించుకుంది. బుల్లెమ్మ మనసులో లెక్క వేసుకుంది. అయ్యగారు సోమవారం వదులుకుంటే మళ్ళీ పెళ్ళినాటి ఆ వణికే చేతులే. వదులుకోకపోతే సామాను సర్దుకోవడమే.

చాప మీద నుంచి హరిబాబు తల్లి గొంతు లేచింది.

"ఒరే హరీ, కూర్చో. అయ్యగారొస్తే ఏం చేసేవారురా? ఒక వాక్యం చదివి, ప్రార్థన చేసి, నీ పెళ్ళాం ఇచ్చిన టీ తాగి ఇంకో ఇంటికి పోయేవారు. ఈ పిల్ల నన్ను ఒళ్ళో ఆనించుకుంది. జావ కాచింది. పొద్దుగూకేదాకా కాళ్ళు పట్టింది. నువ్వెక్కడున్నావు? ఫోను చెవిలో పెట్టుకుని వీధిలో తిరుగుతున్నావు!"

గుడంతా గొల్లున నవ్వింది. హరిబాబు కూర్చున్నాడు గానీ ఓడిపోలేదు. "సరే అమ్మా, యానాంలో ఏం చేస్తున్నారో అదైనా చెప్పమనండి" అన్నాడు.

బుల్లెమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగి అడిగానండి. ఇప్పుడు ఎదురుగానే అడుగుతున్నాను. యానాంలో ఏం చేస్తారండీ అయ్యగారూ? ఇంత గొడవయ్యాక ఇంకా వెళ్తారా?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిద్రపోతానండి. మా అక్క సూర్యకళ ఇల్లుంది అక్కడ. ఇక్కడ పడుకుంటే ఎవరో ఒకరు తలుపు కొడతారు, నేను లేవకుండా ఉండలేను. మా అక్కకి నేను అయ్యగారిని కాదు, తమ్ముణ్ణి. చాపేసి, తలుపేసి, ఎవరొచ్చినా లేడు పొమ్మంటుంది. మధ్యాహ్నమైతే 'ఒరే, పులుసు చల్లారిపోతోంది, లెగు' అంటుంది. తిని మళ్ళీ పడుకుంటాను. బస్సెక్కే ముందు అక్కే నాకోసం ప్రార్థన చేస్తుంది, నేను వింటాను. ముందే చెప్పకపోవడం నా తప్పు. పాస్టరు పట్టపగలు పడుకోవడానికి అంత దూరం పోతున్నాడని చెప్పడానికి సిగ్గేసిందండి. ఇక వెళ్తారా అంటే... వెళ్తానండి. రేపు సోమవారమే కదా."