ఒకే లోతు రాసిన ఇద్దరు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను కడపలో, ఉపాధ్యాయులను తయారుచేసే ఒక కళాశాలలో లెక్కలు చెప్పేవాడిని. నాకు పట్టా లేదు. కొలవడం, లెక్కించడం సొంతంగా నేర్చుకున్నవాడిని. ఏటా అవే తప్పులు దిద్ది దిద్ది అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

ఆ ఏడు విద్యార్థులకు ఒక పని ఇచ్చాను. హాస్టలు వెనక బావిలోకి తాడు వదిలి, తడిసిన చోటు వరకు తమ చేతులతో బారలు వేసి, నీళ్లెంత లోతున ఉన్నాయో అడుగుల్లో రాయాలి. చేతులు రెండూ చాచితే ఒక బార. అందరి చేతులూ ఒక్కలా ఉండవు కాబట్టి బారల లెక్క మనిషికొక తీరుగా రావాలి. కానీ గుమ్మానికి తల తగిలేంత పొడగరి ఒకడు, అతని భుజం దాటని పొట్టివాడు ఒకడు, ఇద్దరూ ఏడు బారలే రాశారు. "మధ్యలో తాడు రాయికి తగులుకుంది, మళ్లీ వదిలాను" అన్న వాక్యం కూడా రెండు కాగితాల్లోనూ ఉంది.

చూసి రాసింది పొట్టివాడేనని తేల్చి, ప్రిన్సిపాల్ గారు అతని పేరు కొట్టేయడానికి ఉత్తరువు రాయించేశారు. పేరు పోతే ఉపకారవేతనం పోతుంది. కమలాపురం పక్క ఊళ్లో తండ్రి మగ్గం దగ్గరికి తిరిగిపోవాలి. మగ్గానికి నూలు దొరకని కాలం అది. శనివారం దాకా గడువు అడిగాను. "నీ ఓపిక" అన్నారాయన.

ఇద్దరినీ బావి దగ్గరికి పిలిచాను.

"ఏమప్పా, నీ తాడుకు రాయి యాడ తగిలింది?" అని పొట్టివాణ్ణి అడిగాను.

అతను బావిలోకి తొంగి చూశాడు. పొడగరి నవ్వాపుకోలేక, "ఆ రాయి నాది అయ్యోరా. ఈయప్పకు చేబదులిచ్చినా" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్‌రా, తాటిచెట్టు!" అని పొట్టివాడు నా వైపు తిరిగాడు. "అయ్యోరా, మా బళ్లో పలక మీద ఉండేది ఉన్నెట్టే దించితే శభాష్ అంటాండ్రి. ఒక్క అచ్చరం మారితే తొడపాశం పెడతాండ్రి. ఈడికొచ్చినాక అదే తప్పంటాండారు. ఎప్పుడు మారిందో నాకెవురూ చెప్పల్యా."

నేనూ చెప్పలేదు. తాడు అతని చేతికిచ్చాను. ఎండలో నిలబడి బార వెంట బార వేశాడు. ఎనిమిదిన్నర వచ్చింది. భయపడి మళ్లీ వేశాడు. అంతే వచ్చింది.

"ఈయప్ప ఏడంటాండాడే!"

"ఇద్దరూ చేతులు చాపండి" అన్నాను. పక్కపక్కన నిలబడి చాపారు. పొట్టివాడు తన వేళ్లు ఆగిన చోటు చూసి, "శానా తేడా ఉండాది" అన్నాడు.

"ఆయప్ప లెక్కతో సరిచూసుకోవడం తప్పుగాదు. సరిచూసుకుంటే ఆ లెక్క ఎవరిదో రాయి. నీ కొలత మాత్రం నీదే రాయి."

శనివారం అతని కాగితం ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. నిండా కొట్టివేతలు. బారలను అడుగులుగా మార్చే గుణకారంలో ఒకచోట జారాడు.

"ముందుదే నయం. కనీసం జవాబు సరిగ్గా ఉంది" అన్నారాయన.

"ఈ తప్పు ఎక్కడ జరిగిందో అతనికి చూపించగలను. ముందుదాంట్లో చూపించడానికి అతనిదంటూ ఏమీ లేదు."

ఆయన ఉత్తరువును చింపలేదు, సొరుగులో పెట్టారు. "ప్రతివాణ్ణీ ఇట్లా బావి దగ్గరికి తీసుకుపోతావా?" అని మాత్రం అడిగారు. అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కాగితం తీసుకుని బయటికి వచ్చాను.

తర్వాతి నెల గొలుసుతో పొలం కొలిచే పని ఇచ్చాను. పొట్టివాడి కాగితం అడుగున ఒక వరుస అదనంగా ఉంది: "గొలుసు అవతలి కొన పట్టుకున్నది నా సావాసగాడు. వైశాల్యం అతని లెక్కతో సరిచూశాను, నాది తక్కువ వచ్చింది. ఎందుకో ఇంకా తెలియలేదు."

రెండుసార్లు చదివి పక్కన పెట్టాను. దాని కింద ఉన్న వేరే ఇద్దరి కాగితాలు అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. కాసేపు కళ్లు మూసుకున్నాను. తర్వాత చెప్పులు తొడుక్కుని, ఆ ఇద్దరినీ గొలుసు తీసుకుని రమ్మన్నాను.