నేనే రాసిన ప్రశ్నకు నేనే రాసిన జవాబు

ఆ కాలంలో మా మండల కచేరీలో కరెంటు లేకపోయినా గడిచేది, కాగితాలు లేకపోయినా గడిచేది, అనుమానం లేకుండా మాత్రం ఒక్క పూట గడిచేది కాదు. ఎనభైల చివరి సంవత్సరాలు. మాది మిర్యాలగూడ. అప్పుడే జూనియర్ అసిస్టెంటుగా కొలువు దొరికి, సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే బస్సెక్కి ఆ చుట్టుపక్కల ఒక మండలానికి పోయి వస్తుండేవాణ్ని. (ఏ మండలమో చెప్పను. పింఛను మీద బతుకుతున్న మనిషిని. ఇప్పుడైనా ఎవరో విచారణ వేస్తారేమోనని నా అనుమానం నాది.) ప్రతి రేషన్ కార్డూ దొంగ కార్డేనని సర్కారుకు జనం మీద అనుమానం. జీపు వచ్చిందంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికేనని జనానికి సర్కారు మీద అనుమానం. మా డీటీ గారికి, అంటే డిప్యూటీ తహసీల్దారు గారికి, ఈ ఇద్దరి మీదా అనుమానమే. కోదాడ వైపు మనిషి. మంచినీళ్ల కుండ మీద మూత వంకరగా ఉంటే ఎవరు కదిలించారో తేలేదాకా ఫైలు ముట్టేవాడు కాదు. మా అటెండరు ఆయనకు చాటున 'గుమాన్ సారు', అంటే అనుమానాల సారు, అని పేరు పెట్టాడు. ఇక నాకు ఆ వయసులో అనుమానాలేమీ లేవు గానీ ఒక గర్వం ఉండేది. నా దస్తూరి. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని మా పంతులు చిన్నప్పుడెప్పుడో అన్న మాటను నేను ఇరవై మూడేళ్లొచ్చేదాకా మోసుకు తిరిగాను. ఆ గర్వమే నా కొంప ముంచింది.

కచేరీ వరండాలో రోజూ ఒక ముసలమ్మ కూర్చునేది. గొర్రెల కాపరుల వాడ నుంచి నడిచి వచ్చేది. అందరూ మందలవ్వ అనేవారు. ఎండాకాలం మేత కోసం వాడ మొత్తం గొర్రెల్ని తోలుకుని కృష్ణ వైపు పోతుంది, తమ్ముడి మందకు వండి పెట్టడానికి అవ్వా పోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మా వాళ్లు బోగస్ కార్డుల ఏరివేతకు వెళ్లారు. వాడలో ఏ ఇంటికి చూసినా తాళం. 'నివాసము లేరు, కార్డులు బోగస్' అని అరుగు మీదే కూర్చుని రాసి, వాడ వాడంతా కొట్టేసి వచ్చారు. వానలు పడ్డాక మందలు తిరిగొచ్చాయి గానీ బియ్యం తిరిగి రాలేదు. మిగతా ఇండ్లలో కాస్తో కూస్తో జొన్నలున్నాయి. అవ్వ ఒంటి మనిషి. తమ్ముడి ఇంట్లో మరదలు ఒక పూట పెట్టేది, రెండో పూట చూడనట్టు ఊరుకునేది. అందుకని అవ్వ ఆ రెండో పూట కోసం మా వరండాకు వచ్చేది. డీటీ గారు కిటికీలోంచి ఆమెను చూసి, "ఇన్నాళ్లు బియ్యం లేకుండా ఆ ముసల్ది అంత దూరం ఎట్టా నడుస్తందయ్యా? ఎక్కడో ఇంకో కార్డు ఉండి ఉంటది, కనుక్కో" అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం డబ్బా తెరిచి తింటుంటే అవ్వ నా వైపే చూస్తూ ఉంది. తిన్నదేదో తిని, బయటికొచ్చి, అర్జీ రాసిపెడతానన్నాను.

"నీకేమొస్తది?" అంది.

"ఏం రాదవ్వా."

"ఏం రాకుంటే ఎందుకు రాస్తవ్?"

సగం జాలి, సగం నా దస్తూరి నలుగురికీ చూపించుకోవాలన్న యావ. ఎదురుగా ఉన్న చాయ్ హోటలు బల్ల మీద కూర్చుని రెండు పేజీలు రాశాను. అవ్వ మూడుసార్లు చదివించుకుంది. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, హోటలాయన దగ్గరికి పోయి, నాకు వినపడకుండా ఆయనతో మరోసారి చదివించుకుంది. నేను చదివిందీ ఆయన చదివిందీ ఒకటేనని తేలాక గానీ వేలిముద్ర వేయలేదు. ఎవరికివ్వాలంటే, మన ఎమ్మెల్యేకు ఇయ్యమన్నాను. ఆ ఎమ్మెల్యే ప్రతిపక్షం మనిషి. సర్కారు జీతం తింటున్నవాడు తన కచేరీ మీదే ప్రతిపక్షానికి అర్జీ రాసిస్తే ఏమవుతుందన్నది నాకు తట్టనే లేదు. (పరీక్షలో జనరల్ నాలెడ్జి మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.)

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం నల్లగొండ నుంచి ఒక మనిషి ఎర్ర చీటీ అంటించిన కవరు పట్టుకుని స్వయంగా వచ్చాడు. శాసనసభ ప్రశ్న. మా కచేరీలో ఆ మాట వినపడితే పాము వచ్చిందన్నట్టు కాళ్లు పైకి తీసుకునేవారు. డీటీ గారు నిలబడి చదివారు. '(ఎ) ఫలానా మండలంలో గొర్రెల కాపరుల కుటుంబాల రేషన్ కార్డులను రద్దు చేసిన మాట వాస్తవమేనా? (బి) అయితే, అందుకు కారణాలేమిటి? (సి) వాటిని తిరిగి ఇచ్చే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా?' సభలో మంత్రి గారు లేచి చెప్పాల్సిన జవాబు మూడు రోజుల్లో మా దగ్గర్నుంచి పోవాలి. అంటే అంత పెద్ద సభలో అంత పెద్ద మనిషి నోట్లోంచి వచ్చే మాట మా చెదలు పట్టిన బల్ల మీద పుట్టాలన్నమాట. ఆ (ఎ)లో ఉన్నది నా అర్జీలో రెండో పేరానే.

డీటీ గారికి జవాబు సంగతి తర్వాత. ఈ కబురు ఎమ్మెల్యే దాకా మోసిందెవరన్నది ముందు. అటెండర్ని అడిగారు, హోటలాయన్ని పిలిపించి అడిగారు (ఆయన నా పేరు బయటపెట్టలేదు), నల్లగొండ నుంచి కవరు తెచ్చిన మనిషిని కూడా అనుమానంగా చూశారు. చివరికి సొరుగు వెతికితే అసలు అర్జీ బయటపడింది. ఎమ్మెల్యే దాన్ని రెండు నెలల కిందే 'తగు చర్య కొరకు' అని మాకు పంపాడు. డీటీ గారు దాన్ని విప్పకుండా సొరుగులో వేశారు. అప్పుడే విప్పి ఉంటే అసలు ప్రశ్నే ఉండేది కాదు. ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన దాన్ని తన బల్ల మీది అద్దం కింద పరిచి, "ఈ దస్తూరి ఎవరిదో తేలుస్తా. తేలిందంటే వాడి కొలువు ఖతం" అన్నారు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. మిర్యాలగూడలో నాయన నా కొలువు వచ్చిందని వీధంతా చెప్పి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచే నా అక్షరాలు కుంటడం మొదలుపెట్టాయి. గుండ్రంగా రాసేవాణ్ని కోలగా రాశాను, కొమ్ములు విరిచాను, తలకట్లు చెరిపాను. రెండో రోజు డీటీ గారు నా రిజిస్టరు పట్టుకుని, "ఏవయ్యా, నీ అక్షరాలకు జొరమొచ్చిందా?" అన్నారు. బొటనవేలు బెణికిందన్నాను. సాయంత్రం కట్టు కట్టుకుని వచ్చాను కూడా. ఆయన ఆ కట్టును చాలాసేపు చూశారు.

ఇక జవాబు. నాకు ఆ రోజు తెలిసిన పద్ధతి ఏమిటంటే, తప్పు జరిగిందా అని సభలో అడిగితే, జరిగిందని చెప్పరు. జవాబు పోయేలోపు ఆ తప్పును గబగబా సరిచేసి, ఇప్పుడు లేదు కనుక అప్పుడూ లేదని చెబుతారు. డీటీ గారి లెక్క అదే. "ఎల్లుండి మంత్రి గారు 'కాదండి' అనాలంటే, రేపు సాయంత్రానికల్లా ఆ వాడ చేతిలో కార్డులుండాలి." పొద్దంతా కూర్చుని కొత్త కార్డులు రాశాం. (కుంటి అక్షరాలతోనే.) అవ్వ అర్జీ కనుక ఆమెకు బియ్యం కూడా ఇంటికే చేర్చాలని, అరబస్తా జీపులో వేసుకుని, డ్రైవరూ డీటీ గారూ నేనూ బయల్దేరాం.

వాడ మలుపులో జీపు చప్పుడు వినపడగానే మనుషులు మాయమయ్యారు. ఆ రోజుల్లో అప్పు కట్టలేదని ఇంటి తలుపులు ఊడబీకి జీపులో వేసుకుపోయేవారు. వాళ్లు అదే అనుకున్నారు. మేం దిగేసరికి ఏ ఇంటికి చూసినా తాళం. డీటీ గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, తాళాలే. మనవాళ్లు రాసింది నిజమే కదయ్యా" అన్నారు. మోకాళ్ల నొప్పి వల్ల పరుగెత్తలేక అవ్వ ఒక్కతే అరుగు మీద మిగిలింది. డీటీ గారు రెండు చేతులా కార్డు చాపి, "తీసుకో అవ్వా, బియ్యం కూడా తెచ్చాం. ఇక్కడ వేలు పెట్టు" అన్నారు. అవ్వ చేతులు కొంగులో దాచుకుంది.

"ఎందుకిస్తున్రు?"

"ఎందుకంటావేంది, నీకు రావాల్సినవేగా."

"నాకు రావాల్సినయని నేను నాలుగు నెలల సంది మీ కచేరీ సుట్టూ తిరిగిన. అప్పుడియ్యనోళ్లు గియ్యాల జీపేసుకోని ఇంటికొచ్చిన్రంటే దీంట్ల ఏదో ఉంటది. ఏలు పెడితే ఇల్లు పోతదా, జాగ పోతదా, గది చెప్పున్రి ముందుగాల."

జీవితమంతా లోకాన్ని అనుమానించిన మనిషిని మరొకరు అనుమానిస్తుంటే చూడటం నాకు కొంచెం సరదాగానే ఉంది. డీటీ గారు దేవుడి మీద ఒట్టేశారు. అవ్వ కదల్లేదు. బియ్యం మంచివేనన్నారు. "అయితే మీరు తినున్రి, సూస్త" అంది. ఆయన అటూ ఇటూ చూసి, బస్తాలోంచి పచ్చి బియ్యం గుప్పెడు తీసి నోట్లో పోసుకుని నమిలారు. రేషన్ బియ్యంలో రాళ్లుంటాయన్న ఫిర్యాదులకు కూడా ఆయన చాలాసార్లు 'కాదండి' అని రాసి ఉన్నారు. ఆ పన్ను నొప్పి ఆయనకు వారం రోజులుంది. నేను మాత్రం జీపు వెనకాల నక్కి, అవ్వ నన్ను చూసి 'అర్జీ రాసింది నువ్వే గదా' అంటుందేమోనని బిక్కచచ్చి నిలబడ్డాను. చూడనే చూసింది. నా కళ్లలోకి, నా వేలి కట్టు వైపు మార్చి మార్చి చూసి, డీటీ గారితో, "ఈ పిలగాడెవరో నాకెరుక లేదు. గని చిన్నోడు, ఇంక ఖరాబై ఉండడు. ఈయన పెట్టుమంటే పెడ్త" అంది.

"పెట్టవ్వా. నీకేం కాదు, నాది పూచీ" అన్నాను. అవ్వ వేలు పెట్టింది. చీకటి పడకముందే వాడవాళ్లు ఒక్కొక్కరే గట్ల మీంచి వచ్చి తమ కార్డులు తీసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో డీటీ గారు దవడ పట్టుకుని కూర్చున్నారు. సగం దారిలో, "కట్టు విప్పెయ్యవయ్యా, వేలికి గాలి తగలనీ" అన్నారు. నా ప్రాణాలు అక్కడే పోయాయి. ఆయనకు మొదటి రోజే తెలుసట. ఆ అక్షరాలు మండలంలో ఇంకెవరికీ లేవట. "నేను పైకి రాయనులే. నువ్వు ఒక్క పని చెయ్యి. ప్రశ్న రాసినోడివి నువ్వే కదా, జవాబూ నువ్వే రాయి" అన్నారు. కచేరీకి పోయి, కుర్చీలో కూర్చుని, నాలుగు నెలల నుంచి పస్తులున్న మనిషి సంగతికి నా ముత్యాల దస్తూరితో మూడు వాక్యాలు రాశాను. '(ఎ) కాదండి. (బి) ఈ ప్రశ్నే ఉత్పన్నం కాదు. (సి) ఉత్పన్నం కాదు.' ఎంత అందంగా కుదిరిందంటే, పక్కకు పెట్టి ఇంకోసారి చూసుకున్నాను. ఆ చూసుకున్నందుకు సిగ్గుపడటం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

మంత్రి గారు చదివారు. పేపర్లో చిన్న ముక్క వచ్చింది, గొర్రెల కాపరుల కార్డుల రద్దు వాస్తవం కాదన్న మంత్రి అని. నా మాట మంత్రి నోట వచ్చిందని రెండు రోజులు నేల మీద నడవలేదు. మూడో రోజు అవ్వ వచ్చింది. వరండాలో కూర్చోలేదు, నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎమ్మెల్యే మనుషులు వాడకొచ్చి, అబద్ధపు అర్జీ ఇచ్చి తమ నాయకుణ్ని సభలో నవ్వులపాలు చేసిందని అందరి ముందూ తిట్టిపోయారట. మరదలు కూడా, నీ అర్జీ వల్లే వాడంతా మాటపడాల్సి వచ్చిందని అందట.

"కార్డు కొట్టేసిన మాట నిజమే గద బిడ్డా. మరి నిజం కాదని ఎవరు రాసిన్రు?" అంది.

హైదరాబాదులో రాస్తారని చెప్పబోయాను. డీటీ గారు అవతలి బల్ల దగ్గర తల వంచుకుని చెవులు నిక్కబొడిచి ఉన్నారు. ఎందుకో ఆ క్షణం అబద్ధం నోటికి రాలేదు. "నేనే రాసిన అవ్వా" అన్నాను.

అవ్వ కోపగించుకుంటే బాగుండేది. కొంగు భుజాన వేసుకుని, "బియ్యమైతే వస్తున్నయి. నీ కొలువూ నిలవాలె గద" అంది. మెట్లు దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి, "గని బిడ్డా, ఇంకోపారి నా గురించి రాసేటప్పుడు నన్నడిగి రాయి" అంది.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా కొలువు చేశాను. ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. బోరింగులు, హాస్టళ్లు, పింఛన్లు, దవాఖానలు. చాలాసార్లు బల్ల దగ్గరే కూర్చుని 'కాదండి' అని పంపించాను, ఇప్పుడు దాచేదేముంది. కొన్నిసార్లు మాత్రం మనసొప్పక బస్సెక్కి పోయి, ఆ మనుషుల్నే అడిగి వచ్చి రాశాను. అలా పోయిన ప్రతిసారీ గడువు దాటేది, నాకు మెమో వచ్చేది. ఒక మెమోలో ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా తెలుపమన్నారు. నా మంచి దస్తూరితో, 'సంబంధిత వ్యక్తిని అడుగుటకు వెళ్లినందున' అని రాశాను. దాని మీద పై అధికారి ఎర్ర సిరాతో రాసిన మాట ఇప్పటికీ తలుచుకుని ఒక్కణ్నే నవ్వుకుంటాను. 'కారణం నమ్మదగినదిగా లేదు' అని రాశాడు.